మెంఫిస్ పొగ

మొన్న నాన్న సంవత్సరీకానికి ఊరెళ్ళాను. మాది కందుకూరు దగ్గర పల్లె. వంటవాళ్ళు చీకటితోనే వచ్చి, దొడ్లో గాడిపొయ్యి తవ్వి తుమ్మ మొద్దులు అంటించారు. గ్యాస్ బండలు తెచ్చుకుంటామన్నారు గానీ, "ఆయనకి కట్టెల మీద వండిందే ఇష్టం" అని అమ్మ ఒప్పుకోలేదు. నేను నోట్లో బ్రష్షుతో బయటికొచ్చేసరికి పొగ మొహాన కొట్టింది.

న్యాయంగా ఆ వాసనకి మా పొగాకు బ్యారన్, అంటే కోసిన ఆకుని వేడిమీద ఎండబెట్టే గది, గుర్తు రావాలి. కానీ ముందు గుర్తొచ్చింది అమెరికాలో, మెంఫిస్‌లో, ఎయిర్‌పోర్టు దగ్గర ఒక బార్బెక్యూ హోటల్. బ్యారన్ దాని వెనకాల వచ్చింది. ఆ రెండింటినీ ఒకచోట కలిపింది నాన్నే.

* * *

మెంఫిస్ టెన్నెసీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉంటుంది. వంతెన దాటితే ఆర్కాన్సా. దక్షిణానికి కాసేపు కారు నడిపితే మిసిసిపీ రాష్ట్రం. లోకానికి అది ఎల్విస్ ప్రెస్లీ ఊరు. మా కన్సల్టెంట్లకి మాత్రం ఫెడెక్స్ ఊరు. రాత్రి పదకొండు ప్రాంతంలో ఆఫీసు పార్కింగ్‌లో నిలబడి చూస్తే ఆకాశంలో దీపాలు వరసగా వేలాడుతూ ఉండేవి. ఒక్కో దీపం ఒక్కో విమానం. దేశం నలుమూలల నుంచీ పార్సెళ్ళు మోసుకొచ్చి దిగి, తెల్లారేలోపు మళ్ళీ ఎగిరిపోయేవి. ప్రాజెక్టు పనిమీద నాలుగేళ్ళు ఆ దీపాల కింద బతికాను.

మా టీముని మొదటి లంచ్‌కి తీసుకెళ్ళింది మా మేనేజరు. ఆయన పుట్టి పెరిగింది మిసిసిపీ పల్లెటూళ్ళో. మాట సాగదీసి మాట్లాడేవాడు, సగం నాకు అర్థమయ్యేది కాదు. ఆ హోటల్ బయటినుంచి చూస్తే మూతపడ్డ మిల్లులా ఉండేది. పొట్టి ఇటుక గోడలు, నల్లబడ్డ పొగగొట్టం, బోర్డు మీద వంటవాడి టోపీ పెట్టుకున్న పంది బొమ్మ. తన మాంసం తినమని తనే నవ్వుతూ పిలిచే జంతువుని నేను ఇంకెక్కడా చూడలేదు. లోపల బల్లల మీద ఎర్ర గళ్ళ ఆయిల్‌క్లాత్, ప్రతి బల్ల మీదా నిలబెట్టిన పేపర్ టవల్ చుట్ట, రెండు సాస్ సీసాలు. పళ్ళేల జోలే లేదు. కాగితం పరిచిన ప్లాస్టిక్ బుట్టలో తిండి, పక్కన రెండు తెల్ల బ్రెడ్ ముక్కలు.

కౌంటర్ దగ్గర లావుపాటి పెద్దావిడ. "ఏం కావాలి హనీ?" అంది. నా వెనకవాణ్ని "బేబీ" అంది, వాడి వెనక అరవై ఏళ్ళాయన్ని "షుగర్" అంది. అప్పటిదాకా కొంచెం సిగ్గుపడుతున్నవాణ్ని, మా ఒంగోలు మెస్సులో ఆంటీ అందర్నీ "నాయనా" అన్నట్టే ఇదీ అని సర్దుకున్నాను. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. పీకిన మాంసమా, తరిగినదా? లోపలి తెల్లదా, బయటి నల్లదా? స్లా లోపలే పెట్టాలా? సాస్ మైల్డా, హాటా? చివరిది ఒక్కటే అర్థమైంది. ప్రకాశం జిల్లావాణ్ని, వెనక్కి తగ్గుతానా? "హాట్" అన్నాను.

బుట్ట రాగానే బ్రెడ్ తుంచి నోటిదాకా తెచ్చాను. చూస్తే బల్ల చుట్టూ అందరూ తలలు వంచుకుని కళ్ళు మూసుకున్నారు. మేనేజరు గొణుగుతూ ప్రార్థన చెబుతున్నాడు. పంక్తిలో గోవిందా అనకముందే ముద్ద కలిపిన పిల్లాడిలా చెయ్యి దించేశాను. ఆమెన్ అయ్యాక మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. కారం పెద్దగా లేదు గానీ అందులో వెనిగర్ ముక్కుకెక్కింది. ఘోరంగా పొలమారింది. కౌంటర్ ఆవిడ పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది. దగ్గు తగ్గాక, మా వైపు ఇలా అయితే ఎవరో తలుచుకుంటున్నారంటారని చెప్పాను. ఆవిడ ఏమాత్రం ఆలోచించకుండా, "అయితే మీ అమ్మే. ఇవాళ ఫోన్ చెయ్యి" అంది.

ఆ రోజు ఇంకోటి గమనించాను. అమెరికా వచ్చి రెండేళ్ళయినా ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం డబ్బా స్పూనుతోనే తినేవాణ్ని, అదీ మూల బల్ల దగ్గర. ఇక్కడ మా డైరెక్టరు టై భుజం మీదికి వేసుకుని, మోచేతిదాకా సాస్ కారుతుంటే వేళ్ళు నాకుతున్నాడు. ఆ దేశంలో నలుగురి మధ్య నేను చేత్తో తిన్న మొదటి భోజనం అదే.

* * *

అయితే నేను తిన్నది కోడి. మెంఫిస్‌లో బార్బెక్యూ అంటే పంది. టెక్సాస్‌లో లాగా ఎద్దు రొమ్ముమాంసం కాదు. పంది భుజం, పంది పక్కటెముకలు. ఎముకలకి పొడి మసాలా పట్టించేవాళ్ళు కొందరు, తడి సాస్ పూసేవాళ్ళు కొందరు. ఏది గొప్ప అంటే అన్నదమ్ములే విడిపోతారు. నేను మాత్రం ఆరునెలల పాటు పొగబెట్టిన కోడి మీదే బతికాను.

పంది ఎందుకు తినవని మేనేజరు అడిగితే, మా మతంలో లేదన్నాను. అది అబద్ధం. మా ఊళ్ళో పంది తినేవాళ్ళున్నారు. ఎవరు తింటారు, వాళ్ళ ఇళ్ళు ఊరికి ఏ వైపున ఉంటాయి అన్నదానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది. పంది పేరు చెబితే నాలో లేచే ఆ వికారంలో సగం ఆ లెక్కదే. ఇది మేనేజరుకి ఇంగ్లీషులో ఎలా చెప్పను?

చివరికి ఒక వర్షం రోజు కోడి అయిపోయింది. ఆకలి. భుజం మాంసం శాండ్‌విచ్ తెచ్చుకుని కారులో కూర్చుని, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు తిన్నాను. బయటి నల్ల పెచ్చు నోట్లో కరకరలాడింది. దాలిలో కాగిన పాల దాక అడుగున గోకుడు కోసం నేనూ చెల్లీ కొట్టుకునేవాళ్ళం. ఆ పెచ్చుది అదే రుచి అంటే అమ్మ చంపేస్తుంది గానీ, అదే. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

రూమ్మేట్లని లాక్కెళ్ళడం పెద్ద పంచాయితీ. సోమవారం ఒకడికి శివుడు, మంగళవారం ఇంకొకడికి ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శనివారం నలుగురికీ ఊరి బయట ఈడ్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి. ఆదివారం అందరూ ఖాళీ. సరిగ్గా ఆ రోజే హోటల్ వాళ్ళు చర్చికి పోతారు కాబట్టి మూత. బుధ, శుక్రవారాలు మిగిలేవి. వాళ్ళు కోళ్ళు తినేవాళ్ళు, నేను శాండ్‌విచ్ తినేవాణ్ని. అది కూడా కోడే అనుకున్నారు పాపం చాలాకాలం.

మిగతా వంటల గురించి నా తీర్పు ఇది. బెండకాయ వేపుడు బంగారం. అరటిపండు పుడ్డింగ్ కోసం ఎంత దూరమైనా పోవచ్చు. తియ్యటి ఐస్ టీ చెరుకురసానికి పెద్దన్న, గ్లాసు ఖాళీ అయ్యేలోపే మళ్ళీ నింపేవాళ్ళు. బార్బెక్యూ స్పగెటీ అని ఒకటుంది, మెంఫిస్‌వాళ్ళు ప్రాణం పెడతారు. నాకైతే సేమ్యా ఉప్మాలో బెల్లం పాకం పోసినట్టే ఉంది.

అప్పట్లో మే నెలలో నది ఒడ్డున ప్రపంచ బార్బెక్యూ వంట పోటీ జరిగేది. 1978 నుంచీ ఉంది. ఒకసారి టికెట్టు కొని వెళ్ళాం. లెక్కలేనన్ని పొయ్యిలు, మైలు దూరం పొగ. తీరా చూస్తే పోటీవాళ్ళు బయటి జనానికి పెట్టకూడదట, ఆరోగ్యశాఖ నిబంధన. తెలిసినవాళ్ళ డేరా ఉంటేనే తిండి. పెళ్ళివారింటి ముందు పిలుపులేని చుట్టాల్లా తిరిగి, ఇంటికొచ్చి మ్యాగీ వండుకున్నాం.

* * *

హోటల్ వెనక పిట్ అనే మాంసం పొయ్యి కాసే పెద్దాయన్ని అందరూ డీకన్ అనేవాళ్ళు. చర్చిలో ఆయన హోదా అది. నల్లజాతి మనిషి, అప్పటికే డెబ్బై దాటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాతో ఉండేవాడు. పొగలో పనిచేసే మనిషికి ఇస్త్రీ చొక్కా ఏమిటో నాకర్థం కాలేదు.

పరిచయమైంది ఒక రిలీజ్ రాత్రి. ప్రోగ్రాం ఎక్కించడంలో ఏదో తేడా వచ్చి, టెన్షన్‌తో మూడింటిదాకా ఆఫీసులోనే ఉండిపోయాను. ఇంటికి పోతూ చూస్తే హోటల్ వెనక వాకిలి తెరిచి ఉంది, లోపల ఎర్రటి వెలుగు. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఇంకో కుర్చీ కాలితో నా వైపు తోశాడు.

పిట్ అంటే నడుమెత్తు ఇటుక తొట్టి. పైన ఇనప రేకు మూత, దాన్ని ఎత్తడానికి గిలకా బరువూ. పక్కన వేరే పొయ్యిలో హికరీ కట్టెలు కాల్చి, నిప్పులయ్యాక పారతో తీసి తొట్టి అడుగున చల్లేవాడు. మంట ఎప్పుడూ మాంసానికి తగలకూడదు. 225 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మాంసం లోపల 160 దగ్గరికొచ్చాక వేడి ఎక్కడం ఆగిపోతుందట. గంటలు గడిచినా ముల్లు కదలదు. కొత్తవాళ్ళు అక్కడే కంగారుపడి నిప్పులు ఎగదోస్తారని నవ్వాడు. "అది చెమట పడుతోంది, అంతే" అన్నాడు. మట్టికుండ చెమ్మగిల్లి నీళ్ళు చల్లబడేది ఇలాగే కదా అని నాకు వెలిగింది. చెమట ఆరాక వేడి మళ్ళీ ఎక్కుతుంది, రెండొందల దగ్గర నరాలూ పొరలూ కరిగి జిగురవుతాయి. అప్పుడు భుజం ఎముకని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. మెత్తటి నేలలోంచి గడ్డిపోచ వచ్చినట్టు, ఒక్క పీచు కూడా అంటుకోకుండా వచ్చేసింది. దాన్ని నా చేతిలో పెట్టాడు. తెల్లగా, వెచ్చగా, కడిగి తుడిచినట్టుంది.

పొగ రంగు చూడమని కూడా చెప్పాడు. చిక్కటి తెల్ల పొగ వస్తే కట్టె పచ్చిదనీ, గాలి ఆడట్లేదనీ లెక్క, మాంసం చేదెక్కుతుంది. కనిపించీ కనిపించని నీలం పొగ ఉండాలి.

* * *

తర్వాతి వేసవిలో అమ్మా నాన్నా ఆరునెలలకి వచ్చారు. నాన్నకి అపార్ట్‌మెంటులో ఊపిరాడేది కాదు. టీవీ అర్థంకాదు, నడవడానికి మనుషులుండరు. ఒకరోజు ఇద్దర్నీ ఆ హోటల్‌కి తీసుకెళ్ళాను.

అమ్మకి తిరుపతి మొక్కు, మాంసం మానేసింది. కూరలున్నాయిగా అనుకున్నాను. కౌంటర్ ఆవిణ్ని అడిగితే, బీన్స్‌లో పంది ముక్కలు, ఆకుకూరలో పంది కాలు, చిక్కుళ్ళలో బేకన్. "ఆకుకూరని కూడా వదల్లేదట్రా వీళ్ళు!" అని అమ్మ నోరు నొక్కుకుంది. బ్రెడ్డూ క్యాబేజీ తిని, అరటి పుడ్డింగ్ రెండు కప్పులు లాగించింది. ఆ రెండో కప్పుకి డబ్బులు తీసుకోలేదు కౌంటర్ ఆవిడ.

నాన్న పొగ వాసన పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి డీకన్ పక్కన నిలబడి థర్మామీటరు చూస్తున్నాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు గానీ ఫారెన్‌హీటు వచ్చు. పొగాకు రైతుకి సెంటీగ్రేడుతో పనిలేదు. ఆకు పసుపురంగు తిరగడానికి వంద లోపు, ఆకు ఆరడానికి ఇంకా పైకి, చివర ఈనె ఎండడానికి 160. గది గోడకున్న చిన్న గాజు కిటికీలోంచి ఆ అంకెలు చూస్తూ ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి.

"ఇది మన బ్యారనేరా" అన్నాడు.

అదే ముక్క డీకన్‌కి చెప్పాను. ఆయన మొహం విచ్చుకుంది. పుట్టింది కెంటకీ సరిహద్దు దగ్గర పొగాకు పల్లెలోనట. అక్కడి నల్ల పొగాకుని కొట్టంలో వేలాడదీసి, కింద కట్టెలూ రంపప్పొట్టూ రాజేసి పొగలోనే మగ్గిస్తారు. పలకల సందుల్లోంచి పొగ కారుతుంటే కొత్తవాళ్ళు కొట్టం అంటుకుందని కేకలేస్తారట. "పొగ ఆకుకి తగిలితే పాడవదూ?" అని నాన్న అడిగించాడు. మేం పండించే వర్జీనియా రకం పొగాకుకైతే పొగ గొట్టాల్లోంచే పోవాలి, ఆకుకి వేడి మాత్రమే తగలాలి. ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని గంట వాదించుకున్నారు. చివర్లో నాన్న పార అందుకుని నిప్పులు చల్లాడు. ఒకవైపు ఎక్కువ పడ్డాయి. డీకన్ ఏమీ అనకుండా పారతో సర్దాడు.

చిన్నప్పుడు బ్యారన్ కాల్పు రోజుల్లో నేనూ నాన్నతో అక్కడే పడుకునేవాణ్ని. నులకమంచం, కట్టెల చిటపట, గోడలోంచి వచ్చే తేనెలాంటి ఆకు వాసన. అయిదారు రోజులు రాత్రీ పగలూ పొయ్యి ఆరకూడదు. నిజానికి కాసేది నాన్న కాదు. పాలెం నుంచి ఒకాయన వచ్చేవాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి ఇంకో పది డిగ్రీలు కావాలని చెప్పేవాడు. నాన్నకి ఆ పని నేర్పిందీ ఆయనే. నాన్నకన్నా పెద్దవాడు. నేను మాత్రం పేరు పెట్టే పిలిచేవాణ్ని, అందరూ అలాగే పిలిచేవాళ్ళు కనక. ఆ పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

* * *

డీకన్ కుర్చీ పైన గోడకి ఒక ఫోటో ఉండేది. వీధినిండా నల్లవాళ్ళు, ప్రతివాడి దగ్గరా "నేనూ మనిషినే" అన్న అట్ట. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మె. పదమూడు వందలమంది చేశారు. దానికి మద్దతుగా వచ్చినప్పుడే మార్టిన్ లూథర్ కింగ్‌ని ఏప్రిల్ 4న లొరేన్ మోటెల్లో కాల్చేశారు. ఆ ఫోటోలో తన బాబాయి ఉన్నాడని డీకన్ వేలుపెట్టి చూపించాడు.

నాన్న ఆ అట్టల సంగతి అడిగాడు. చెప్పాను. అప్పుడు డీకన్ తన కుర్రతనం గురించి చెప్పాడు. వేరే ఊళ్ళో ఒక హోటల్‌లో పిట్ కాసేవాడట. వండేవాళ్ళంతా నల్లవాళ్ళు. తినాలంటే మాత్రం వెనక కిటికీ దగ్గర పొట్లం కట్టించుకుని పోవాలి. రాత్రంతా తను కాసిన మాంసాన్ని హాల్లో కూర్చుని ఒక్కసారి కూడా తినలేదు. దక్షిణాదిలో చాలాచోట్ల అంతే. బర్మింగ్‌హామ్‌లో ఆలీస్ బార్బెక్యూ వాళ్ళు నల్లవాళ్ళని కూర్చోబెట్టబోమని సుప్రీంకోర్టుదాకా పోయి, 1964లో ఓడిపోయారు. కోపం లేకుండా, వర్షం సంగతి చెప్పినట్టు చెప్పాడాయన.

నేను తెలుగులో చెబుతుంటే నాన్న నిప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ ఏమీ అడిగించలేదు. వెళ్ళేముందు డీకన్ టీ తెచ్చి ఇచ్చాడు. ముగ్గురికీ అవే తెల్ల థర్మోకోల్ కప్పులు.

కారులో చాలాసేపటికి నోరు విప్పాడు. "బ్యారన్ చూరులో స్టీలు గ్లాసు ఒకటుండేది, గుర్తుందా?"

గుర్తుంది. కాల్పు కాసే ఆయన టీ గ్లాసు. తాగి, కడిగి, చూరులో తనే దోపుకునేవాడు. మా గ్లాసులు ఇంట్లో ఉండేవి.

"దాన్నక్కడ పెట్టమంది నేనా, మా నాయనా?" అన్నాడు. వెనక సీట్లో అమ్మ నిద్రపోతోందో, నిద్ర నటిస్తోందో తెలియదు. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

* * *

మెంఫిస్ వదిలిన చాలా ఏళ్ళకి ఆఫీసు పనిమీద ఒక రోజు వెళ్ళాల్సొచ్చింది. హోటల్ ఉంది, పంది బొమ్మ ఉంది. కౌంటర్ దగ్గర స్క్రీన్ మీద మనమే వేలితో నొక్కుకోవాలి. హనీ అనేవాళ్ళు లేరు. వెనక ఇటుక పిట్ మీద అట్టపెట్టెలు పేర్చారు. పక్కన ఫ్రిజ్జంత స్టీలు పెట్టె, గ్యాస్‌తో నడిచేది. అందులో రెండు కట్టెలు పడేస్తే చాలట, తెల్లారేదాకా అదే చూసుకుంటుంది. మాంసం బాగానే ఉంది, ఆ మాట అనకపోతే తప్పు. పెచ్చు మాత్రం కరకరలాడలేదు. డీకన్ సంగతి అక్కడి పిల్లాణ్ని అడిగితే, ఆ పేరే వినలేదన్నాడు. రాత్రి ఫోన్ చేస్తే నాన్న మొదట అడిగింది కూడా ఆయన గురించే. రిటైరయ్యాడని చెప్పాను.

* * *

సంవత్సరీకం రోజు పదింటికి ఆ కాల్పు కాసే ఆయన కొడుకు వచ్చాడు. ఒంగోల్లో లారీ నడుపుతాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నాన్న ఫోటోకి దణ్ణం పెట్టుకుని తిన్నగా గాడిపొయ్యి దగ్గరికి పోయాడు. గొంతుక్కూర్చుని కాసేపు చూసి, ఒక మొద్దుని బయటికి లాగేశాడు.

"పచ్చిది. తెల్ల పొగ చూడలేదా? పప్పుకి కంపు పడుతుంది" అని వంటవాణ్ని కసిరాడు.

వంట అవుతుండగా బ్యారన్ దాకా నడిచి వెళ్ళాను. పొయ్యి నోరు మూసేశారు, లోపల ఎరువు బస్తాలున్నాయి. పక్కన చూరు ఉన్నచోట ఇప్పుడు సిమెంటు రేకులు. వాటి అంచున చేత్తో తడిమి చూశాను. తేనెతుట్టె పెట్టిన మచ్చ, దుమ్ము. ఇంట్లోంచి పిలిచారు, ఆకులు వేస్తున్నారని.

పంక్తిలో అతని పక్కన కూర్చున్నాను. మొదటి ముద్దకే పొలమారింది. తను తాగుతున్న నీళ్ళ సీసా నా వైపు జరిపి, రెండో చేత్తో నా నెత్తి మీద తట్టాడు.